తిట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు

జట్టీ మీద వల బాగుచేసేవాడికి తల ఎత్తే పని పడదు. చిరుగు ఉన్న చోటు కాలి బొటనవేలికి తగిలించుకొని, వల బిగలాగి, నైలాను దారం చుట్టిన సూదితో కన్ను పక్కన కన్ను అల్లుకుంటూ పోవడమే. చూపు వల మీద ఉంటుంది, చెవులు మాత్రం ఖాళీ. ఆ చెవులు కూడా లేకపోతే బాగుండునని ఈ మధ్య నీలకంఠానికి అనిపిస్తోంది.

దేముడమ్మ టీ బడ్డీ దగ్గర జనం మూగారు.

"అప్పా, నీ పేరేటో సెప్పు?" ఎవడో అడిగాడు.

"నంజకొడకా" అంది పోతమ్మ.

బడ్డీ రేకులు అదిరేటట్టు నవ్వారు.

"మరి నీ మొగుడి పేరేటి?"

"నంజకొడకా."

"అద్దీ! నీలకంఠం బావ అసలు పేరు ఇన్నాల్లకి బయటపడింది!"

మళ్ళీ నవ్వులు. నీలకంఠం వేసిన ముడి జారింది. విప్పి మళ్ళీ వేశాడు. తల ఎత్తలేదు.

పోతమ్మ అతని భార్య. మొన్నటి చలికాలం దాకా ఈ జట్టీ మీద చేపల వేలంపాట పాడిన మనిషి. తట్ట ముందు నిలబడి ఆమె ధర ఎత్తుకుంటే ఐసు ఆడించే మర చప్పుడు కూడా వెనక్కి పోయేది. ఒక పొద్దున పాట మధ్యలోనే నోరు వంకరపోయింది, కుడిపక్క పడిపోయింది. కాలు కొంత తిరిగింది. చెయ్యి తిరగలేదు. మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలింది. ధర తగ్గించిన వర్తకుల మీద రోజూ విసిరిన మాటే అది. ఉప్పు కావాలన్నా ఇప్పుడు అదే, ఒళ్ళు నొప్పన్నా అదే.

వేట నిషేధం ఎత్తేసిన రోజున, గురునాథరావు బోటు కదలబోతూంటే, పోతమ్మ కాలికి తాడు తగిలి తూలింది. ఎదురుగా బోటు తాళ్ళు లాగుతున్న కలాసీల మీద ఆ మాట అరిచింది. ఆ బోటు మునిగేటంత టైగరు రొయ్యతో తిరిగొచ్చింది. పక్క బోటు నాచుతో, పీతలతో వచ్చింది. జట్టీ మనుషులు ఆ తిట్టుకూ ఆ రొయ్యకూ ముడి వేశారు. పోతమ్మ చేత తిట్టించుకొని వెళితే వల నిండుతుందన్నారు. తిట్టించుకొని వెళ్ళి ఖాళీగా వచ్చిన బోట్లూ ఉన్నాయి. దానికీ సమాధానం దొరికింది. తిట్టు ఊరికే వస్తే పనిచెయ్యదట, కోపంతో రావాలట. అప్పటినుంచి ఆమెకు కోపం తెప్పించడం మొదలుపెట్టారు.

సూరన్న అనే కలాసీ జిలేబీ ముక్క ఆమె ఎడమచేతికి ఇచ్చి, అది నోటి దాకా వెళ్ళేసరికి లాగేసుకున్నాడు. మళ్ళీ ఇచ్చి మళ్ళీ లాగాడు. మరోసారి ఇవ్వబోతే ఆమె చెయ్యి చాచలేదు. అప్పుడు వాడు ఆమె ఒళ్ళో పడి ఉన్న కుడిచేతిని రెండు వేళ్ళతో పైకెత్తి వదిలాడు. అది దభీమని తొడ మీద పడింది. మళ్ళీ ఎత్తాడు.

"నంజకొడకా!"

"వొచ్చింది, కోపంతోనే వొచ్చింది!" సూరన్న ఆమె పాదం ముట్టుకొని, ఆ వేళ్ళు కళ్ళకద్దుకొని బోటు వైపు పరిగెత్తాడు. వెనకవాడు ముందుకు జరిగాడు.

వరస సర్దుతున్నవాడు అర్జునరావు. నీలకంఠానికీ పోతమ్మకూ ఉన్న ఒక్క కొడుకు.

"తోసుకోకండ్రా. ఒకలెనక ఒకలు రండి. దేముడమ్మప్పా, ఇంకో జిలేబీ ఇయ్యి" అని అందరినీ దాటించి, ఆఖరున తనూ వచ్చి తల్లి ముందు తల వంచాడు. "అమ్మా, నానూ ఎల్తన్నాను. నన్నూ అను."

పోతమ్మ కొడుకు ముఖం చూసింది. నుదుటి మీద పడ్డ జుట్టు ఎడమచేత్తో వెనక్కి తొయ్యబోయింది. వాడు ఆ చెయ్యి తప్పించి, నవ్వుతూ ఆమె కొంగు పట్టి లాగాడు. భుజం మీది చీర జారిపోయింది.

"నంజకొడకా."

కొడుకు నవ్వాడు. వాడి వెనక జనం నవ్వారు. దేముడమ్మ నవ్వలేక గ్లాసులు కింద పెట్టేసింది.

నీలకంఠం అప్పుడు తల ఎత్తాడు. కన్నతల్లి చేత ఆ మాట అనిపించుకొని, దాని అర్థం తెలిసీ పళ్ళికిలిస్తున్న ముఖం చూశాడు. కుళ్ళిన చేపల మధ్య పుట్టి పెరిగినవాడు అతను. రొయ్య తలల కుప్ప మీద ఈగలు ముసురుతూంటే పక్కనే కూర్చొని చద్ది తిన్నవాడు. ఏనాడూ రాని వికారం గొంతు దాకా వచ్చింది. లేచి జట్టీ అంచుకు పోయి, డీజిలు తెట్టు కట్టిన నీళ్ళలోకి ఉమ్మాడు. ఇంకోసారి ఉమ్మాడు. నోరు బాగుపడలేదు.

అంతకు మించి ఏమీ చెయ్యలేదు. కాపురానికి వచ్చిన నాటినుంచి ఇద్దరి మాటలూ పోతమ్మే మాట్లాడింది. ఐసు బాకీల దగ్గర, పెళ్ళిళ్ళలో, పోలీసుల ముందు, అన్ని చోట్లా ఆమె వెనక నిలబడి తల ఊపడమే అతను చేసిన పని. ఇప్పుడు ముందు నిలబడే మనిషి లేకపోయేసరికి అతనికి ఎక్కడ నిలబడాలో తెలియడం లేదు.

అదంతా ఇంకొకావిడ కూడా చూసింది. ఆదివారం కదా, చేపలకు వచ్చింది. వైరుబుట్టలో చందువాలు, ముక్కుకు రుమాలు. బోట్లు కదిలాక దేముడమ్మను ఏదో అడిగి, బురద తొక్కకుండా చెప్పులు చూసి చూసి వేసుకుంటూ వల దగ్గరికి వచ్చింది.

"ఆవిడ మీ భార్యేనాండీ?"

నీలకంఠం తల ఊపాడు.

"నా పేరు జ్యోతిర్మయి. రుషికొండ దారిలో కొత్తగా పెట్టిన కాలేజీలో సైకాలజీ చెబుతాను. మెదడు, మనసు, మనుషుల నడవడి, వాటి చదువన్నమాట." ఆమె కాస్త వంగింది. "ఆవిడ తిడుతోందని వీళ్ళంతా అనుకుంటున్నారు. ఆవిడ తిట్టడం లేదండీ."

అతని చేతిలో సూది ఆగింది.

ఆమె తన ఎడమ కణత పైన వేలు పెట్టి చూపించింది. "మాటలు కూర్చే చోటు ఇక్కడుంటుంది. ఆవిడకి ఇక్కడ రక్తం అందక దెబ్బతింది. కుడిచెయ్యి పోయింది కూడా అందుకే. తిట్లూ ఊతపదాలూ మనం కూర్చుకొని అనేవి కావు కదా, వాటంతటవే నోటికొచ్చేస్తాయి. వాటి దారి వేరు. ఆ దారి మిగిలింది. లోపల ఆవిడ అనుకునేది ఏదైనా, బయటికి వచ్చేది అదొక్కటే."

"మనం అన్నది దానికి తెలుస్తాదా?"

"చాలా వరకు తెలుస్తుందండీ. చూస్తే అలాగే ఉంది."

నీలకంఠం బడ్డీ కేసి చూశాడు. పోతమ్మ జారిన కొంగును పళ్ళతో పట్టుకొని ఎడమచేత్తో భుజం మీదికి లాక్కుంటోంది. తెలుస్తుందట. అయితే జిలేబీ సంగతి తెలుసు. నవ్వులు తెలుసు. కొంగు లాగింది ఎవరో కూడా తెలుసు.

"మల్లీ మాట వస్తాదా తల్లీ?"

"అది నేను చెప్పకూడదు. గురువారం పొద్దున్న మా కాలేజీకి ఒక డాక్టరుగారు వస్తారు. తీసుకొస్తే చూస్తారు. మా పిల్లలకీ ఒకసారి చూపిస్తాను, మీకు అభ్యంతరం లేకపోతేనే."

నీలకంఠం చెవులు డాక్టరు దగ్గరే ఆగిపోయాయి. ఆ తరవాతి మాట వాటిలోకి వెళ్ళలేదు.

మర్నాడు వేట నుంచి తిరిగొచ్చిన అర్జునరావు గోనెసంచిలో పావురాన్ని తెచ్చాడు. పక్షవాతానికి పావురం నెత్తురు వేడివేడిగా పట్టిస్తే నరాలు మేలుకుంటాయని వన్ టౌన్లో ఎవరో చెప్పారట. వాకిట్లో దాని మెడ తుంచి తల్లి కుడిచేతి మీద ఎత్తి పట్టుకున్నాడు. భుజం నుంచి వేళ్ళ దాకా తన చేతులతోనే మర్దనా చేశాడు. వాడికి తల్లి మీద ప్రేమ లేకపోలేదు. "తగ్గిపోతాదే అమ్మా, మల్లీ నువ్వే పాట పాడతావు" అంటూ రుద్దాడు. పోతమ్మ ముఖం పక్కకు తిప్పుకొని ఆ మాటే అంది.

"సూసినారా, మందేసినా తిట్టే" అంది కోడలు ఈశ్వరి గడపలో నిలబడి. "అన్నం పెడితే అదే మాట, తల దువ్వితే అదే మాట. అమ్మోరి గుడికాడ ఒంటిసేత్తో దణ్ణమెట్టి అదే మాటంటే ఆడోల్లందరూ సెవులు మూసుకున్నారు. ఎదురింటోల్లు మన పిల్లని ఆడుకోడానికి రానివ్వటం నేదు. నువ్వైనా సెప్పవేటి మావా?"

మావ చెంబు వెతుక్కుంటూ కుళాయి వైపు పోయాడు.

నెత్తురు ఎండి చర్మం బిగుసుకుంది. ఈగలు వాలాయి. కొడుకు అటు వెళ్ళగానే నీలకంఠం ఆమెను కుళాయి గట్టు మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళు పోస్తూ కడిగాడు. ఎంత కడిగినా ఎర్రనీళ్ళే కారాయి. గోళ్ళ సందుల్లో పేరుకున్నదాన్ని కొబ్బరిపీచుతో తీశాడు.

చన్నీళ్ళు మొదట తగిలినప్పుడు ఆమె ఆ మాటను పొట్టిగా, చప్పున అంది. గట్టిగా రుద్దినప్పుడు చివర సాగదీసి అంది. పావురం ఈక ఒకటి అతని మీసానికి అంటుకొని ఉంటే దాన్ని చూసి, ముక్కులోంచి గాలి వదులుతూ, లోపల్లోపల అంది. అది నవ్వు. అతను మీసం తడుముకొని ఈక తీసి పారేశాడు. ఆమె ఇంకోసారి అలాగే అంది.

నీలకంఠం చెంబు కింద పెట్టాడు. మాట ఒక్కటే. గొంతు మాత్రం పాత పోతమ్మదే, మునుపటి ఎత్తుపల్లాలన్నీ ఉన్నాయి. ఇన్ని నెలలు పక్కన పడుకొని తను వినలేదు. తనూ బడ్డీ దగ్గరి వాళ్ళలాగే ఆ తిట్టొక్కటే విన్నాడు.

రాత్రి అన్నాల దగ్గర అర్జునరావు కబురు చెప్పాడు. గురునాథరావు కొత్త బోటు గురువారం వేటకి కదులుతోంది. దాన్ని నడిపే సరంగుగా అర్జునరావునే పెడతానన్నాడు.

"అయితే అమ్మ రావాలంట. దండేసి కుర్సీలో కూకోబెడతారు. అందరం తిట్టించుకొని ఎల్తాం. మజ్జానం ముహూర్తం."

"వద్దు" అన్నాడు నీలకంఠం.

ఈశ్వరి వడ్డిస్తున్న గరిటె ఆపింది.

"ఓలమ్మో, అయ్య మాటాడినాడు!" అర్జునరావు నవ్వాడు. "ఏటొద్దు? సరంగు పనొద్దా? కలాసీగానే సచ్చిపొమ్మంటావా?"

"దానికన్నీ తెలుస్తాయిరా. మనం నవ్వినా తెలుస్తాది. అది తిట్టటం నేదు."

"తిట్టకపోతే మరి రొయ్య ఎలాగొచ్చింది? నాను పదేల్లనుంచి తాల్లు లాగతన్నాను. ఎవుడు పిలిచినాడు నన్ను సరంగువి కమ్మని? ఇప్పుడు పిలిచినాడు. అమ్మ సలవే." వాడు ముద్ద నోట్లో పెట్టుకొని నములుతూ అన్నాడు. "ఒక్క గడియ కూకుంటే దాని సొమ్మేం పోతాది?"

పోతమ్మ ఎడమచేత్తో కంచంలో అన్నం కెలుకుతోంది. తల ఎత్తలేదు. నీలకంఠం తన కంచంలోని చేపముక్క కేసి చూశాడు. దాని కన్ను తెల్లగా ఉడికిపోయి ఉంది. చెయ్యి కడుక్కున్నాడు.

గురువారం పొద్దున్నే కొడుకు బోటుకు తోరణాలు కట్టడానికి వెళ్ళాడు. నీలకంఠం ఈశ్వరితో "అత్తకి ఉతికిన సీర కట్టు" అన్నాడు.

"ఎక్కడికి?"

"డాక్టరుకాడికి."

ఈశ్వరి తువ్వాలు తడిపి అత్త మెడ తుడిచింది, పౌడరు అద్దింది, బొట్టు దిద్దింది. దిద్దుతుంటే పోతమ్మ ఆ మాట అంది. "ఊఁ ఊఁ, తెలిసింది, కదలకు" అంది ఈశ్వరి.

ఆటో సముద్రం పక్కనుంచి పోతూంటే పోతమ్మ తల బయటికి పెట్టి చూస్తూనే ఉంది. లోతు నీళ్ళలో ఇనుపరాయి మోసే ఓడలు పోర్టులోకి పిలుపు కోసం కాచుకొని ఉన్నాయి. వాటిని చూపించి ఏదో చెప్పింది. ఆటోవాడు అద్దంలో చూశాడు. "నిన్ను కాదు, నువ్వు పోనీ" అన్నాడు నీలకంఠం. కాలేజీ గేటు దగ్గర దిగుతుంటే ఆమె కాలు తడబడి అతని భుజం పట్టుకొని మళ్ళీ అంది. ఎదురొచ్చిన జ్యోతిర్మయి అది విని, "రండి రండి" అని నవ్వుముఖంతో లోపలికి తీసుకెళ్ళింది. టీ ఇప్పించింది. క్రీము బిస్కట్లు పెట్టించింది.

"డాక్టరుగారో?" అన్నాడు నీలకంఠం.

"ఆయనకి అర్జెంటు పని పడిందండీ. ఈరోజు రాలేనని ఫోను చేశారు. ఇంకో రోజు తప్పకుండా చూపిద్దాం. వచ్చారు కాబట్టి పిల్లలకి ఒక్కసారి..."

నీలకంఠం నోట్లో బిస్కట్టు పిండిలా అంటుకుపోయింది.

మెట్లు మెట్లుగా బల్లలున్న పెద్ద గది. బల్లల నిండా ఆడపిల్లలూ మగపిల్లలూ. సెంటు వాసన. పోతమ్మ పక్కనుంచి నడిస్తే ముందు బల్ల పిల్లలు రుమాళ్ళు తీశారు. మేష్టారి బల్ల మీద రంగురంగుల మెదడు బొమ్మ ఉంది. జ్యోతిర్మయి దాన్ని పీత డిప్ప విప్పినట్టు విప్పి, ఎడమవైపు ముక్క చేతిలోకి తీసుకొని పాఠం చెప్పింది. బాగానే చెప్పింది. అబద్ధమేమీ లేదు అందులో. పిల్లలు రాసుకోవడం లేదు. పోతమ్మ నోటి కేసి చూస్తున్నారు. వాళ్ళకు ముందే చెప్పి ఉంచారు. పెదవులు అప్పటికే నవ్వుకు సిద్ధంగా విచ్చుకొని ఉన్నాయి. వెనక బల్ల నుంచి ఎవరో "ఇప్పుడంటుంది చూడు" అన్నారు.

నీలకంఠం ఆ ముఖాలు చూశాడు. బడ్డీ దగ్గరి ముఖాలే. ఇవి కాస్త సబ్బుతో కడిగినవి.

"అమ్మా, మీ పేరు చెప్పండి" అంది జ్యోతిర్మయి.

పోతమ్మ గది నాలుగు వైపులా చూసింది. పై బల్లల దాకా చూసింది. ఎడమచెయ్యి ఎత్తి నోటి మీద పెట్టుకుంది.

"మీ పేరమ్మా?"

చెయ్యి తియ్యలేదు.

"ఇదేమిటో చెప్పండి." పెన్ను చూపించింది. దువ్వెన చూపించింది. ముందు బల్ల పిల్లలు మెడలు చాచారు. పోతమ్మ ముక్కుతో ఊపిరి తీస్తూ అలాగే కూర్చుంది. పిల్లల్లో గుసగుస మొదలైంది. జ్యోతిర్మయి ముఖం కందింది.

"కుడిపక్క బలహీనత చూడండి" అంటూ పోతమ్మ కుడిచేతిని రెండు వేళ్ళతో పైకెత్తి వదిలింది. అది దభీమని తొడ మీద పడింది.

నీలకంఠం కుర్చీ అంచుకు జరిగాడు.

జ్యోతిర్మయి అతని దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "మీరు అడిగితే అంటారేమో. ఒక్కసారి అనిపించండి. లేకపోతే వీళ్ళకి అర్థం కాదు."

"అనదు."

"ఇందాక గేటు దగ్గర అన్నారు కదండీ."

"అక్కడ నాతో అంది" అన్నాడు నీలకంఠం. "మీతో అనదు."

లేచి, పోతమ్మ కుడిచేతిని తన చేతిలోకి తీసుకొని, కొంగు సర్ది, మెట్ల వైపు నడిపించాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "సైలెన్స్!" అంది జ్యోతిర్మయి. గేటు దాటాక నీలకంఠం గోడ పక్కకు పోయి, తాగిన టీ అంతా కక్కేశాడు. పోతమ్మ అతని వీపు రాస్తూ, మెల్లగా ఆ మాట అంటూ నిలబడింది.

ఆటోలో తిరిగొస్తే పేట మలుపులోనే అర్జునరావు కాచుకొని ఉన్నాడు. చెమటతో తడిసిపోయాడు.

"ఎక్కడికి పోనావయ్యా? ముహూర్తం దాటిపోతంది! గురునాథరావు నన్ను సంపేత్తన్నాడక్కడ" అంటూ ఆటోలోకి ఎక్కి కూర్చొని, బండిని తిన్నగా జట్టీకి తిప్పించాడు. నీలకంఠానికి కక్కిన నోరు ఇంకా పుల్లగా ఉంది.

కొత్త బోటు నీలం రంగులో మెరుస్తోంది. బంతిపూల దండలు, మామిడాకులు, డప్పులు. జట్టీ మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంచారు. కొడుకు తల్లిని దాదాపు ఎత్తుకొచ్చి అందులో కూర్చోబెట్టాడు. గురునాథరావు తెల్లబట్టల్లో వచ్చి స్వయంగా దండ వేశాడు. కలాసీలు వరస కట్టారు. సూరన్న తల వంచాడు.

పోతమ్మ ఎడమచేత్తో నోరు మూసుకుంది.

"అదేటే? అప్పా, నానే, సూరన్నని." జిలేబీ చూపించాడు. లాగేసుకున్నాడు. ఆమె జిలేబీ కేసి చూడనే లేదు. కుడిచెయ్యి ఎత్తి వదిలాడు. ఎత్తి వదిలాడు.

డప్పులవాళ్ళు తట్టు తగ్గించారు.

"ఏటే ముసిల్దానా, ఈయేల మవునవ్రతమా?" గురునాథరావు ఆమె మణికట్టు పట్టుకొని నోటి మీంచి చెయ్యి లాగేశాడు. పెదవులు బిగించి ఉన్నాయి. వంకరపోయిన మూల నుంచి చొంగ కారింది. "ఒరే అర్జునా, సరంగు పని నీకు కావాలా ఒద్దా? అనిపించు!"

అర్జునరావు తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అమ్మా, ఒక్కసారే. నీ కాల్లట్టుకుంటాను." ఆమె చూసింది, అంతే. వాడు జనం కేసి చూశాడు, గురునాథరావు కేసి చూశాడు. నవ్వలేక నవ్వుతూ, తల్లి కొంగు మీదికి చెయ్యి పోనిచ్చాడు.

ఆ చెయ్యిని నీలకంఠం పట్టుకున్నాడు. వల బిగలాగే పట్టు అది. కొడుకు కిందినుంచి తండ్రి ముఖంలోకి చూశాడు.

ఆ మాట నీలకంఠం నాలుక మీదికి వచ్చేసింది. కానీ కొడుకును అంటే అది పోయి తగిలేది కుర్చీలో కూర్చున్న మనిషికే. కొడుకు చెయ్యి వదిలి, గురునాథరావు వైపు తిరిగాడు.

"నంజకొడకా" అన్నాడు.

అరవలేదు. ఎదుటివాడికి వినబడేటంత గొంతుతోనే అన్నాడు. డప్పులు ఆగిపోయాయి. ఒక్కడూ నవ్వలేదు. ఇన్నాళ్ళూ వీపులు చరుచుకొని నవ్విన మాటకు అర్థం ఉందని జట్టీకి అప్పుడే గుర్తొచ్చినట్టు, అందరూ నేల చూశారు.

గురునాథరావు దవడ కదిలింది. "ఎవుడ్నిరా?"

"నిన్నే."

గురునాథరావు చెయ్యి లేచింది. సగంలో ఆగింది. అతని చూపు బోటు మీదికి పోయింది, ముహూర్తం దాటిపోతున్న ఎండ మీదికి పోయింది, మళ్ళీ నీలకంఠం మీదికి వచ్చింది. లేచిన చెయ్యి మెల్లగా దిగి మీసం సర్దుకుంది.

"ఏటి సూత్తారు?" అన్నాడు కలాసీలతో. "తిట్టు పడిపోనాది కదా. ఆలి నోట పడితే ఏటి, మొగుడి నోట పడితే ఏటి? కోపంతోనే పడింది. తాడిప్పండి!"

జట్టీ ఊపిరి వదిలింది. డప్పులు మోగాయి. ఎవడో ఈల వేశాడు. "ముసలోడి తిట్టు అసలు తిట్టు!" అన్నారెవరో. సూరన్న ముందుగా వచ్చి నీలకంఠం పాదాల మీదికి వంగాడు. వాడి వెనక ఇంకొకడు. ఆ వేళ్ళు తగలకముందే నీలకంఠం కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. జీవితంలో ఒకే ఒక్కసారి మనిషిని ముఖం మీద తిట్టాడు. దాన్ని కూడా వాళ్ళు కళ్ళకద్దుకొని పట్టుకుపోతున్నారు. రొయ్య తల కూడా పారెయ్యకుండా అమ్ముకునేవాళ్ళు. ఉమ్ముదామన్నా నోట్లో తడి లేదు.

"అర్జునా, ఎక్కు!" గురునాథరావు కేకేశాడు.

అర్జునరావు ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. లేచాడు. మణికట్టు మీద తండ్రి వేళ్ళ గుర్తులు పడి ఉన్నాయి. బోటెక్కే పలక మీద ఒక కాలు వేసి వెనక్కి చూశాడు. తల్లి కొంగును పళ్ళతో పట్టుకొని భుజం మీదికి లాక్కుంటోంది. ఏదో అనబోయాడు. ఇంజను మొదలైంది. ఎక్కేశాడు.

బోటు జట్టీని వదిలి కాలవలోకి తిరిగింది. చుక్కాని దగ్గర కొడుకు నిలబడి ఉన్నాడు. అప్పుడు పోతమ్మ కుర్చీలోంచి లేచింది. నీలకంఠం భుజం ఊతగా పట్టుకొని, రెండో చెయ్యి వేలాడుతుండగా, బోటు కేసి గొంతెత్తి అరిచింది.

"నంజకొడకా...!"

చివర సాగింది. సాగి, పైకి లేచి, అక్కడ విరిగింది. వాడు మొదటిసారి వేటకు పోయిన నాడు, ఆ తరవాత పోయిన ప్రతిసారీ, ఇదే చోట నిలబడి ఇదే రాగంతో ఆమె "జాగర్త కొడకా" అని అరిచింది. నీలకంఠం ప్రతిసారీ పక్కనే ఉన్నాడు.

జట్టీ మొత్తం గొల్లుమంది. "అప్ప కూడా తిట్టేసింది! రెండు తిట్లు! ఇంకేటి, బోటు మునిగిపోయేటంత పడతాది!" గురునాథరావు చప్పట్లు కొట్టాడు. బోటు మీద కలాసీలు తువ్వాళ్ళు గాలిలో తిప్పుతూ నవ్వారు.

చుక్కాని దగ్గరివాడు మాత్రం నవ్వలేదు. తల తిప్పి తల్లి కేసే చూస్తున్నాడు. బోటు పక్కకు ఒరుగుతోందని సూరన్న కేకేస్తే గానీ ముందుకు తిరగలేదు.

పోతమ్మ మెడలో దండ తీసి కుర్చీ మీద పడేసింది. నీలకంఠం కేసి చూసి, పొట్టిగా, అలసటగా ఆ మాట అంది.

"పద, ఎల్లిపోదాం" అన్నాడు నీలకంఠం.